ఆర్‌సీ కారుకు వాటర్‌ప్రూఫ్ స్టీరింగ్ సర్వో ఎలా ఎంచుకోవాలి?

రిమోట్‌తో నడిచే ఆర్‌సీ కారులో సంకేతాలు అందుకునే రిసీవర్‌లోనూ, మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీలోనూ కదిలే భాగం ఏదీ ఉండదు, కాబట్టి వాటిని నీళ్లు చొరకుండా మూసేయడం తేలిక. ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పే చిన్న మోటారు పెట్టె, అంటే సర్వో, సంగతి వేరు. దాని షాఫ్ట్ పెట్టెలోంచి బయటికి రావాలి, బరువు మోస్తూ అటూ ఇటూ తిరగాలి, అయినా దాని పక్కనుంచి చుక్క నీరు లోపలికి పోకూడదు. నీళ్లలో, బురదలో తిరిగే కారుకు సర్వో ఎంపికలో అసలు చిక్కు ఇదే.

వాటర్‌ప్రూఫ్ అనగానే అందరి దృష్టీ సీలు మీదికే పోతుంది. కానీ సీలు ఎంత మంచిదైనా, వేడెక్కిన సర్వోను చల్లటి నీళ్లలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఆ తగ్గిన పీడనం బయటి నీటిని షాఫ్ట్ పక్కనుంచి లోపలికి పీలుస్తుంది. మరి సర్వో ఎందుకు వేడెక్కుతుంది? టార్క్ (తిప్పే బలం) చాలక, వోల్టేజీ సరిపడక, లేదా బిగింపు తప్పి. అందుకే ఎంపికను సీలుతో కాదు, కారుతో మొదలుపెట్టాలి.

1. పాత సర్వోను విప్పి కొలవండి

చాలా 1/10, 1/8 కార్లలో (అసలు కారులో పదో వంతు, ఎనిమిదో వంతు ఉండేవి) పట్టేది స్టాండర్డ్ సైజు: పొడవు 40 మి.మీ., వెడల్పు 20 మి.మీ., ఎత్తు 36 నుంచి 40 మి.మీ. దాకా. లో ప్రొఫైల్ రకం ఎత్తు సుమారు 26 మి.మీ. పొడవు, వెడల్పు ఒకటే కదా అని స్టాండర్డ్ సర్వో తెస్తే కొన్ని ఛాసిస్‌లలో అది బ్యాటరీ ట్రేకో, పై ప్లేటుకో తగులుతుంది. సర్వోను బిగించే చెవుల రంధ్రాల మధ్య దూరం, వైరు బయటికి వచ్చే వైపు కూడా చూసుకోండి. వైరు ఛాసిస్ గోడకు ఒత్తుకుంటే దాని మొదట్లో ఉన్న రబ్బరు నలిగి, అక్కడే నీటికి దారి పడుతుంది.

తర్వాత షాఫ్ట్ పళ్లు. ఫుటాబా పద్ధతిలో 25 పళ్లు, ఇప్పుడు ఎక్కువ సర్వోలకు ఇదే ఉంటుంది. శాన్వా, కేఓ, జేఆర్ పద్ధతిలో 23. హైటెక్ పాత సర్వోల్లో 24. 24 పళ్ల హార్న్‌ను (షాఫ్ట్ మీద ఎక్కే చిన్న చేయి) 25 పళ్ల షాఫ్ట్ మీదికి బలవంతంగా నొక్కితే ఎక్కినట్టే అనిపిస్తుంది గానీ, మొదటి రాయి తగలగానే పళ్లు అరిగి స్టీరింగ్ పోతుంది.

2. టార్క్ లెక్క చూసుకోండి

టార్క్‌ను కిలో-సెం.మీ.లలో చెబుతారు. 20 కిలో-సెం.మీ. సర్వోకు హార్న్ మీద మధ్య నుంచి 1 సెం.మీ. దూరంలో 20 కిలోల తోపు ఉంటుంది, 2 సెం.మీ. దూరంలో 10 కిలోలే. కొన్ని పెట్టెల మీద ఔన్సు-అంగుళాల్లో ఉంటుంది. ఆ అంకెను 13.9తో భాగిస్తే కిలో-సెం.మీ. వస్తాయి.

రోడ్డు మీద నడిపే 1/10 కారుకు 6 నుంచి 8 కిలో-సెం.మీ. చాలు. 1/10 టూ వీల్ డ్రైవ్ బగ్గీకి 8 నుంచి 12. ఫోర్ వీల్ డ్రైవ్ షార్ట్ కోర్స్, మాన్‌స్టర్ ట్రక్కులకు 15 నుంచి 20. 1/8 బగ్గీకి 20 నుంచి 25. రాళ్ల మీద మెల్లగా పాకే 1/10 క్రాలర్‌కు 25 కంటే తక్కువ తీసుకోవద్దు, 35 అయినా ఎక్కువేం కాదు. క్రాలర్ ముందు డిఫరెన్షియల్ లాక్ అయి ఉంటుంది (రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి), టైరు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది, కారు కదలకుండానే చక్రం తిప్పాల్సి వస్తుంది. చిన్న సర్వో అక్కడ తిరగలేక గుయ్యిమంటూ కరెంటు లాగుతూనే ఉంటుంది. దాన్ని అలాగే వాగులోకి దించితే పైన చెప్పిన పీల్పు జరుగుతుంది.

పెట్టె మీద పెద్దక్షరాల్లో వేసేది ఆ సర్వో తట్టుకునే అత్యధిక వోల్టేజీ దగ్గరి అంకె, అదీ షాఫ్ట్ ఇక తిరగలేక ఆగిపోయే చోట కొలిచినది. 8.4 వోల్టుల దగ్గర 25 అని రాసినది 6 వోల్టుల దగ్గర 18 దాకా పడిపోవచ్చు. మీ కారు ఇచ్చే వోల్టేజీ ఎదురుగా ఉన్న అంకెను చూసి, పై లెక్కతో పోల్చండి.

వేగాన్ని 60 డిగ్రీలు తిరగడానికి పట్టే సెకన్లలో చెబుతారు. ట్రాక్ మీద పరిగెత్తే కారుకు 0.10 లేదా అంతకంటే తక్కువ, బురద ట్రక్కుకు 0.15, క్రాలర్‌కు 0.20 ఉన్నా చాలు. నీళ్లలో నడిపే కారుకు వేగం కంటే టార్క్ ముఖ్యం.

3. కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందో తేల్చుకోండి

సర్వోకు కరెంటు ఈఎస్‌సీ లోపలి బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే భాగం) నుంచి, రిసీవర్ మీదుగా వస్తుంది. ఈఎస్‌సీ కాగితంలో బీఈసీ వివరం వెతకండి: 6 వోల్టులు, 3 ఆంపియర్లు లాంటి అంకెలు ఉంటాయి. 25 కిలో-సెం.మీ. సర్వో ఇరుక్కున్నప్పుడు ఒక్కటే 3 ఆంపియర్లు దాటి లాగగలదు. అప్పుడు వోల్టేజీ పడిపోతుంది, రిసీవర్ ఒక క్షణం ఆరి మళ్లీ వెలుగుతుంది, ఆ క్షణంలో కారు మీ మాట వినదు. దీన్ని నీటి దెబ్బ అనుకుని సర్వో మార్చేస్తుంటారు, సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

తేల్చుకోవడం సులువు. కారును తివాచీ మీద నిలిపి, కదలనివ్వకుండా స్టీరింగ్‌ను చివరి నుంచి చివరికి గబగబా పది సార్లు తిప్పండి. రిసీవర్ దీపం ఆరి వెలిగితే కరెంటు చాలడం లేదు. అప్పుడు 5 ఆంపియర్లకు తగ్గని విడి బీఈసీ పెట్టుకోవాలి. దాన్ని రిసీవర్‌కు కలిపేటప్పుడు ఈఎస్‌సీ ప్లగ్‌లోని ఎర్ర వైరు పిన్నును బయటికి తీసి, టేపుతో చుట్టి పక్కన పెట్టండి. నల్ల వైరు, సిగ్నల్ వైరు అలాగే ఉండాలి. ఎర్రది తీయకపోతే రెండు బీఈసీలు ఒకదానికొకటి ఎదురు తోస్తాయి. రిసీవర్‌కు పెట్టే కెపాసిటర్ రెప్పపాటు పడిపోతలను మాత్రమే దాటిస్తుంది, క్రాలర్ లాంటి నిలకడైన బరువుకు అది జవాబు కాదు.

6 వోల్టులే గరిష్ఠం అని రాసిన సర్వోను 7.4 మీద పెట్టకండి, కాలిపోతుంది. 2ఎస్ లైపో (రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ) నుంచి నేరుగా ఇద్దామనుకుంటే, నిండుగా ఛార్జ్ అయినప్పుడు అది 8.4 వోల్టులు ఇస్తుందని గుర్తుంచుకుని, అంత తట్టుకుంటుందని స్పష్టంగా రాసిన హెచ్‌వీ (హై వోల్టేజీ) రకమే కొనండి.

4. ఐపీ అంకెను అర్థం చేసుకుని చదవండి

ఐపీ67 లాంటి అంకెలు ఒక వస్తువు దుమ్మునూ నీటినీ ఎంత ఆపగలదో చెబుతాయి. ఐఈసీ 60529 అనే ప్రమాణం ఈ అంకెలకు మూలం. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. మొదటిది 6 అయితే దుమ్ము అసలు చొరదు. బురదలో నడిపేవారికి ఇది నీటి అంకె అంత విలువైనది, ఎందుకంటే సన్నటి ఇసుక షాఫ్ట్ చుట్టూ చేరి అక్కడ సీలుగా ఉండే రబ్బరు వలయాన్ని, అంటే ఓ రింగును, అరగదీస్తుంది.

రెండో అంకె 4 అయితే అన్ని వైపుల నుంచీ పడే చిందులకు తట్టుకుంటుంది. 5, 6 అంటే గొట్టంతో చిమ్మే ధారకు: 5కు నిమిషానికి 12.5 లీటర్లు, 6కు 100 లీటర్లు. 7 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు. 8 అంటే అంతకంటే కఠినంగా, తయారీదారు చెప్పిన లోతులో, చెప్పినంత సేపు.

ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, 7 వచ్చినంత మాత్రాన 5, 6 కూడా వచ్చినట్టు కాదు. నిశ్చల నీటిలో మునగడం ఒక పరీక్ష, ధారను ఎదుర్కోవడం ఇంకో పరీక్ష. ముందు చక్రం ఎగజిమ్మే నీళ్లు నేరుగా సర్వో మీదికి వచ్చే కారైతే రెండు రేటింగులూ ఉన్నదాన్ని వెతకండి. రెండోది ఇంకా ముఖ్యం: ఒక మీటరు ముంపు పరీక్షలో నీటికీ వస్తువుకూ ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీలు మించకూడదు. అంటే ఆ పరీక్ష చల్లగా ఉన్న సర్వోకు పెట్టినది. అరగంట పరిగెత్తి చెయ్యి కాలేలా ఉన్న సర్వో గురించి ఐపీ67 ఏమీ చెప్పదు.

పెట్టె మీద అంకె లేకుండా వాటర్‌ప్రూఫ్ అనో, వాటర్ రెసిస్టెంట్ అనో మాత్రమే ఉంటే దాన్ని చిందులు తట్టుకునేదిగానే లెక్కవేయండి. ఉప్పు నీళ్లకు మాత్రం ఈ అంకెలేవీ వర్తించవు. పరీక్షలు మంచినీళ్లతో జరుగుతాయి.

5. చేతిలోకి తీసుకుని పరిశీలించండి

సర్వో పెట్టె సాధారణంగా మూడు ముక్కలు: పైన గేర్లు, నడుమ మోటారు, కింద సర్క్యూట్. అడుగున ఉన్న నాలుగు పొడవాటి స్క్రూలు మూడింటినీ కలిపి పట్టి ఉంచుతాయి. రెండు అతుకుల్లోనూ సన్నటి రబ్బరు సీలు ఉండాలి. దీపం పెట్టి చుట్టూ చూస్తే సన్నని గీతలా కనిపిస్తుంది. గీత ఒకచోట లావుగా, ఒకచోట మాయమై ఉంటే సీలు సరిగా కూర్చోలేదు.

వైరు బయటికి వచ్చే చోట రబ్బరు బుష్ ఉండాలి, వైరును మెల్లగా అటూ ఇటూ ఊపితే అది కదలకూడదు. షాఫ్ట్ మొదట్లో, బేరింగు కిందో పైనో ఓ రింగు ఉంటుంది. చేత్తో మెల్లగా తిప్పితే మామూలు సర్వో కంటే కాస్త బిగువుగా ఉండాలి. ఆ బిగువు ఓ రింగుదే. షాఫ్ట్‌ను పక్కకు నొక్కితే ఊగితే మాత్రం తీసుకోకండి. ఊగే షాఫ్ట్ ఓ రింగును ఒక పక్క నొక్కి, రెండో పక్క సందు వదులుతుంది.

గేర్లు స్టీలువో టైటానియంవో అయితే రాళ్ల మీద దెబ్బలు తట్టుకుంటాయి. నడిమి ముక్క అల్యూమినియంది అయితే వేడి త్వరగా బయటికి పోతుంది, నీటి కారుకు ఇది పెద్ద లాభం. బ్రష్‌లెస్ మోటారు ఉంటే అరిగే బ్రష్‌లు ఉండవు. సర్క్యూట్ మీద రక్షణ పూత ఉందని రాసి ఉంటే మంచిదే, సీలు దాటి చుక్క వచ్చినా బోర్డు వెంటనే పోదు.

6. బిగించే ముందు గిన్నెలో పరీక్షించండి

0.01 గ్రాము దాకా చూపే చిన్న తూనిక ఉంటే ఈ పరీక్ష చాలా కచ్చితంగా వస్తుంది. హార్న్ తీసేసి, పొడిగా ఉన్న సర్వోను తూచి అంకె రాసుకోండి. సర్వోను రిసీవర్‌కు కలిపి రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పండి, కాస్త వెచ్చబడుతుంది. అప్పుడు 10 సెం.మీ. లోతు నీళ్లున్న గిన్నెలో సర్వో పెట్టెను ముంచి, తిప్పుతూనే ఉండండి. ప్లగ్ నీళ్లకు అందకూడదు. రాగి పోగుల సందుల్లోంచి నీరు పాకి వైరు లోపలి నుంచే సర్వోలోకి చేరగలదు.

స్క్రూ గుంటల్లో చిక్కిన గాలి మొదట రెండు మూడు బుడగలుగా వస్తుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. ఒకే చోటు నుంచి వరసగా బుడగలు వస్తే అక్కడ దారి ఉంది. అయిదు నిమిషాలయ్యాక తీసి, గుంటల్లోని నీళ్లు పీల్చే కాగితంతో లాగేసి, బయట పూర్తిగా ఆరాక మళ్లీ తూచండి. 0.1 గ్రాము పెరిగితే సుమారు 0.1 మి.లీ. నీరు లోపల ఉన్నట్టు. అలాంటిదాన్ని కొన్నచోటే మార్పించుకోండి. మీరు తెరిస్తే వారంటీ పోవచ్చు.

7. వేడెక్కకుండా బిగించండి

హార్న్ పెట్టకముందే సర్వోకు కరెంటిచ్చి, ట్రిమ్‌ను (ట్రాన్స్‌మిటర్‌లో మధ్య స్థానాన్ని సవరించేది) సున్నాకు తెచ్చి మధ్యకు రానివ్వండి. అప్పుడు హార్న్‌ను లింకేజీకి (చక్రాల వైపు వెళ్లే కడ్డీకి) లంబంగా ఎక్కించండి. లోహపు షాఫ్ట్ అయితే హార్న్ స్క్రూకు నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. స్క్రూ పొడవు సర్వోతో వచ్చినంతే ఉండాలి.

తర్వాత ట్రాన్స్‌మిటర్‌లో ఈపీఏ (సర్వో రెండు వైపులా ఎంత దాకా తిరగాలో చెప్పే హద్దు) సరిచేయాలి. చక్రం పూర్తిగా తిరిగి ఆగే చోటుకు ఒక వెంట్రుక ముందే సర్వో ఆగేలా రెండు వైపులా విడివిడిగా తగ్గించండి. చక్రం ఆగాక కూడా సర్వో గుయ్యిమంటుంటే ఈపీఏ ఇంకా ఎక్కువగా ఉంది. ఈ ఒక్క పని చేయకపోతే ఎంత ఖరీదైన సర్వో అయినా ప్రతి మలుపులోనూ వేడెక్కుతుంది. నడిపాక వేలితో ముట్టి చూడండి, వేలు అయిదు సెకన్లు ఆనించలేకపోతే నీళ్లలోకి దించకుండా పది నిమిషాలు చల్లారనివ్వండి.

ప్లగ్ రిసీవర్ పెట్టెలోకి వెళ్లే చోట స్పాంజి ముక్కకు సిలికాన్ గ్రీజు పట్టించండి. వైరు పెట్టెలోకి చేరేముందు ఒకసారి కిందికి వంగి పైకి రావాలి, అప్పుడు దాని వెంట జారే నీరు వంపు దగ్గరే కారిపోతుంది.

8. నడిపాక, నీరు చేరితే

బురదను మంచినీళ్లతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ వద్దు. కంప్రెసర్ గాలిని షాఫ్ట్ మీదికి దగ్గరగా కొట్టినా, అది నీటిని ఓ రింగు దాటించి లోపలికి తోస్తుంది. పెట్రోలు, బ్రేక్ క్లీనర్ రబ్బరును ఉబ్బిస్తాయి.

స్టీరింగ్ ఊరికే వణకడం, నేరుగా పోకుండా ఒక పక్కకు లాగడం మొదలైతే స్థానం కొలిచే పొటెన్షియోమీటర్‌కు తడి తగిలిందని అనుమానించండి. వెంటనే కరెంటు తీసేయండి. వారంటీ దాటిపోయి ఉంటే అడుగు స్క్రూలు నాలుగూ విప్పి, నీరు వంపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగి ఒక రోజు ఆరబెట్టండి. హీట్ గన్ పెడితే ప్లాస్టిక్ ముక్క వంగి, ఆ తర్వాత సీలు కూర్చోదు. మూసేటప్పుడు స్క్రూలను ఎదురెదురు మూలల క్రమంలో కొంచెం కొంచెంగా బిగించండి. సిలికాన్‌తో అతుకు మూయాలనుకుంటే న్యూట్రల్ రకమే వాడండి. వెనిగర్ వాసన వచ్చేది లోపలి రాగిని తినేస్తుంది.

ఆరాక కూడా వణుకు తగ్గకపోతే ఆ సర్వోను వేగంగా పోయే కారులో పెట్టకండి. ఓ రింగు ఒక్కటే అరిగి ఉంటే కొత్తది వేస్తే చాలు. పాతదాని లోపలి వ్యాసం, మందం వెర్నియర్‌తో కొలిచి అదే కొలతది తెచ్చుకోండి, లేదా షాఫ్ట్ వ్యాసాన్నే కొలవండి, ఎందుకంటే అరిగిన రింగు అసలు కంటే సన్నగా చూపిస్తుంది.