కాల్వలో నీటి పోటును ఎంట్రోపీ-స్థిర పద్ధతిలో లెక్కించడం

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ వంటి చోట షట్టర్లను ఒక్కసారిగా ఎత్తితే, నీరు నిలువు అంచుతో దిగువకు దూసుకుపోతుంది. ఇదే పోటు. ఆ అంచు దగ్గర ద్రవ్యరాశి, ద్రవ్యవేగం (ద్రవ్యరాశి, వేగాల లబ్ధం) మొత్తం మారకుండా ఉంటాయి గాని, యాంత్రిక శక్తి తగ్గి తీరాలి. శక్తి పెరిగే అంచు కాగితం మీద ఆ రెండు నియమాలకూ సరిపోయినా కాల్వలో కనిపించదు. లోతు తక్కువగా ఉన్న నీటి ప్రవాహాన్ని వర్ణించే షాలో వాటర్ సమీకరణాలకు ఈ శక్తే ఎంట్రోపీ. మన లెక్క కూడా దాన్ని తగ్గించేదిగా ఉండాలి.

కాల్వను సమానమైన గడులుగా విభజించి, ప్రతి గడిలో లోతునూ, లోతు-వేగాల లబ్ధాన్నీ ఉంచుకోవాలి. గురుత్వ త్వరణంతో లోతును గుణించి, అందులోంచి వేగవర్గంలో సగాన్ని తీసివేస్తే మొదటి ఎంట్రోపీ చలరాశి వస్తుంది, రెండవది వేగమే.

తరువాతి పని శక్తిని పెంచని, తగ్గించని ఫ్లక్స్‌ను, అంటే ఒక గడి నుంచి పక్క గడికి దాటే ప్రవాహాన్ని, కట్టడం. పక్కపక్క గడుల మధ్య ఎంట్రోపీ చలరాశుల తేడాలను ఫ్లక్స్‌తో గుణించి కలిపితే ఎంట్రోపీ పొటెన్షియల్ అనే రాశి తేడా రావాలన్నది 1987లో గణితవేత్త ఈటన్ టాడ్మోర్ ఇచ్చిన షరతు. ఇక్కడ ఆ పొటెన్షియల్ గురుత్వ త్వరణం, లోతు వర్గం, వేగం ఈ మూడింటి లబ్ధంలో సగం. ద్రవ్యరాశి ఫ్లక్స్‌గా రెండు గడుల సగటు లోతును సగటు వేగంతో గుణించి తీసుకోవాలి. దాన్ని మళ్లీ సగటు వేగంతో గుణించి, లోతు వర్గాల సగటును గురుత్వ త్వరణంలో సగంతో గుణించి కలిపితే ద్రవ్యవేగ ఫ్లక్స్ సిద్ధమవుతుంది. లోతు వర్గాల సగటుకు బదులు సగటు లోతు యొక్క వర్గాన్ని రాస్తే షరతు చెడుతుంది. అయినా ఫలితాల బొమ్మ సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది కనుక, ఈ షరతును కాగితం మీద ఒకసారి స్వయంగా సాధించి చూడడం ఎంతో అవసరం.

ఇంతటితో ఆపితే పోటు వెనుక అలజడి పుడుతుంది, ఎందుకంటే తగ్గవలసిన శక్తికి దారి లేదు. అందుకే ఫ్లక్స్ నుంచి ఒక విసరణ పదాన్ని (తేడాలను నునుపు చేసి శక్తిని తగ్గించే పదాన్ని) తీసివేయాలి. అది లోతు తేడా మీద కాక, ఎంట్రోపీ చలరాశుల తేడా మీదే పనిచేయాలన్నది ఈ పద్ధతికి ప్రాణం. మొదటి అంశం ఒకటిగా ఉన్న ఐగెన్‌వెక్టర్లను (ఈ సమీకరణాల అలల రూపాలను సూచించే సదిశలను) గురుత్వ త్వరణం రెట్టింపు యొక్క వర్గమూలంతో భాగించి మాత్రికగా పేర్చాలి. ఆ మాత్రిక, ఐగెన్‌విలువల (అలల వేగాల) పరమ విలువలు, మాత్రిక ట్రాన్స్‌పోజ్ ఈ మూడింటి లబ్ధంలో సగమే విసరణకు గుణకం.

కాలంలో ముందుకు సాగడానికి ప్రతి కాలపు అడుగును కొన్ని దశల్లో లెక్కించే మూడవ శ్రేణి రుంగే-కుట్టా పద్ధతి చాలు.

సరిచూడడానికి 2000 మీటర్ల చదును కాల్వ మధ్యలో ఎగువ 10 మీటర్లు, దిగువ 1 మీటరు నిశ్చల నీటిని పెట్టి అడ్డు తొలగించాలి. తొలగించిన చోట లోతు 4.44 మీటర్ల దగ్గర, వేగం సెకనుకు 6.60 మీటర్ల దగ్గర నిలవాలి. పోటు సెకనుకు సుమారు 9.8 మీటర్లు సాగాలి. ఫ్లక్స్‌ను లెక్కించే మరో పద్ధతి అయిన రో పద్ధతి, ఎంట్రోపీ సవరణ లేకపోతే, సరిగ్గా ఇక్కడే అసాధ్యమైన మెట్టును చూపగలదు. అలలు చివరలకు చేరేవరకు, అంటే తొలి 90 సెకన్లలో, మొత్తం శక్తిని అడుగడుగునా ముద్రించి చూడాలి. అది ఎక్కడా పెరగకూడదు.

కాల్వ అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే మొదటి చలరాశిలో లోతుకు అడుగు ఎత్తును కలపాలి. ప్రతి గడికి రెండు వైపులా సగటు లోతును అడుగు తేడాతో గుణించి కలిపి, గురుత్వ త్వరణంలో సగంతో గుణించి, గడి పొడవుతో భాగిస్తే వాలు పదం వస్తుంది. అప్పుడు నల్లగొండ దగ్గరి పానగల్ ఉదయసముద్రం చెరువులా నిండి నిలిచిన నీరు లెక్కలోనూ కదలదు. ఎండిన అడుగు మీద మాత్రం ఎంట్రోపీ స్థిరత్వం ఒక్కటే లోతును రుణాత్మకం కాకుండా ఆపలేదు కనుక, లోతు ధనాత్మకతను కాపాడే లిమిటర్‌ను (ఫ్లక్స్‌ను హద్దులో ఉంచే సవరణను) విడిగా చేర్చుకోవాలి.