సామాజిక మాధ్యమాలతో జన సమీకరణ – నాలుగవ పాఠం: పిలుపు రాయడం

గత పాఠంలో మీరు పట్టించుకున్న సమస్యతో నేరుగా సంబంధమున్న యాభై మంది పేర్లను ఒక పట్టికగా రాసుకొమ్మని కోరాను. ఆ పట్టిక ఇంకా సిద్ధం కానివారు ఈ పాఠాన్ని ఇక్కడే ఆపి ముందు ఆ పని పూర్తి చేయడం మంచిది. ఎవరిని పిలుస్తున్నామో తెలియకుండా రాసిన పిలుపు ఎవరికీ తగలదు.

మనం పెట్టే పోస్టులు స్థూలంగా మూడు రకాలు. కొన్ని జరిగినదాన్ని తెలియజేస్తాయి, కొన్ని మన ఆగ్రహాన్నో అభిప్రాయాన్నో వెల్లడిస్తాయి, కొన్ని మాత్రమే చదివినవారిని ఒక పనికి పురమాయిస్తాయి. ఈ మూడవ రకాన్నే ఈ పాఠంలో పిలుపు అంటున్నాను. మొదటి రెండూ అనవసరమని కాదు గానీ, వాటికి వచ్చిన లైకులను లెక్కపెట్టుకొని జనం కదిలారని భ్రమపడడం కొత్త కార్యకర్తలు తరచుగా చేసే పొరపాటు. లైకు కొట్టిన మనిషి తన వంతు అయిపోయిందనుకుంటాడు. ఆ తర్వాత ఏం చేయాలో మనం చెప్పనే లేదు కనుక, అందులో అతని తప్పు లేదు.

మంచి పిలుపు ఎలా ఉంటుందో చూడడానికి, సామాజిక మాధ్యమాలు పుట్టడానికి చాలా ముందు వెలువడిన ఒక కరపత్రాన్ని పరిశీలిద్దాం. 1955 డిసెంబరు 1న అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో, బస్సులో తెల్లజాతి ప్రయాణికుడి కోసం సీటు వదలడానికి నిరాకరించినందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళను అరెస్టు చేశారు. కళాశాల అధ్యాపకురాలు, స్థానిక మహిళా రాజకీయ మండలి నాయకురాలు అయిన జో ఆన్ రాబిన్సన్ ఆ రాత్రంతా మేలుకొని, ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థుల సాయంతో వేలకొద్దీ కరపత్రాలను సైక్లోస్టైల్ చేశారు. ఆ చిన్న కాగితంలో ఏమేమి ఉన్నాయో గమనించండి. ఏం జరిగిందో మొదటి వాక్యంలోనే ఉంది. ఇలాంటి అరెస్టు ఇదే మొదటిది కాదని, ఆపకపోతే రేపు మీ వంతో మీ అమ్మాయి వంతో రావచ్చని ఉంది. ఆ తర్వాత కోరినది ఒక్కటే: సోమవారం నాడు బస్సు ఎక్కవద్దు. మరి పనికి ఎలా వెళ్లాలి అని చదువరికి కలగబోయే సందేహానికి, టాక్సీలోనో నడిచో వెళ్లవచ్చని, బస్సు తప్ప దారి లేని విద్యార్థులు ఒక్కరోజు బడి మానినా ఫరవాలేదని జవాబు కూడా అందులోనే ఉంది.

ఒక్క సోమవారానికని డిసెంబరు 5న మొదలైన ఆ బస్సుల బహిష్కరణ 381 రోజులు సాగింది. అదంతా కరపత్రం మహిమే అనుకోవడం పొరపాటు. అటువంటి కరపత్రాలను ఎక్కడెక్కడ, ఎలా పంచాలో మండలి సభ్యులు అంతకుముందే చర్చించుకొని ఉన్నారు. ఆ తర్వాతి నెలల్లో జనాన్ని పనులకు చేరవేయడానికి సొంత కార్లతో ఒక రవాణా ఏర్పాటును కూడా నడిపారు. మీ యాభై పేర్ల పట్టిక అటువంటి ముందస్తు ఏర్పాటుకు తొలి అడుగు.

ఇప్పుడు మనమే ఒక పిలుపు రాసి చూద్దాం. ఒక ప్రాంతంలోని ప్రజా గ్రంథాలయాన్ని సాయంత్రం వేళ మూసివేయాలని నిర్ణయించారనుకోండి. చాలామంది వెంటనే రాసేది ఇలా ఉంటుంది: ‘గ్రంథాలయాన్ని కాపాడుకుందాం! ఇప్పటికైనా మేలుకోండి! అందరికీ షేర్ చేయండి!’ ఇందులో ఎప్పుడు, ఎక్కడ, ఏం చేయాలన్న సంగతి ఒక్కటీ లేదు. పైగా మేలుకోండి అన్న మాట చదివేవాడు నిద్రపోతున్నాడన్న నిందను మోస్తుంది. ఇక ‘షేర్ చేయండి’ అన్నది, నా ఉద్దేశంలో, చేయవలసిన పనిని మరొకరి మీదికి నెట్టడమే. దీన్నే ఇలా తిరగరాయవచ్చు:

‘వచ్చే సోమవారం నుంచి మన గ్రంథాలయం సాయంత్రం ఐదింటికే మూతపడుతుంది. పగలంతా పనిలో ఉండేవారికి ఇక అది అందదు. ఈ గురువారం సాయంత్రం ఆరింటికి గ్రంథాలయం మెట్ల దగ్గర అరగంట సేపు కలిసి, అధికారులకు ఇచ్చే వినతిపత్రం మీద సంతకాలు చేద్దాం. పిల్లలను వెంట తీసుకురావచ్చు. వచ్చేవారు వస్తున్నామని నాకు ఒక్క మాట రాయండి. రాలేనివారు ఈ మార్పు వల్ల మీకు కలిగే ఇబ్బందిని రెండు వాక్యాల్లో పంపితే వినతిపత్రానికి జతచేస్తాం.’

ఇందులో ప్రతి వాక్యం ఒక సందేహాన్ని తీరుస్తుంది. ‘అరగంట సేపు’ అన్న మాట లేకపోతే ఎంతసేపు పడుతుందో తెలియక వెనకాడేవారు ఉంటారు. పిల్లల ప్రస్తావన లేకపోతే చిన్నపిల్లలున్న తల్లులు తమను పిలవలేదనుకుంటారు. అన్నిటికన్నా విలువైనది చివరి వాక్యం. రాలేనివారికి కూడా ఒక చిన్న పని అప్పగించడం వల్ల వారు ప్రేక్షకులుగా మిగిలిపోకుండా ఉంటారు. ఈసారి రెండు వాక్యాలు పంపిన మనిషి వచ్చేసారి వచ్చి నిలబడే అవకాశం ఎక్కువ. ‘వస్తున్నాం’ అన్న ఒక్క మాట రాయమనడంలోనూ ఒక కారణం ఉంది: లైకు దగ్గర మనకు మిగిలేది ఒక సంఖ్య, జవాబు దగ్గర మిగిలేది ఒక పేరు.

పిలుపును ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఫేస్‌బుక్ పేజీలో పెట్టిన పోస్టు ఆ పేజీని అనుసరించేవారందరికీ కనిపించదు. ఎవరికి ఏది ముందుగా చూపాలో ఆ వేదిక తన లెక్కల ప్రకారం నిర్ణయిస్తుంది. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా చేరవచ్చు గానీ, అంతమంది మాట్లాడుకునే చోట గురువారం ఆరు గంటలన్న సంగతి పలకరింపు బొమ్మల కింద మునిగిపోతుంది. అందుకే అడ్మిన్లు మాత్రమే రాయగల ప్రకటనల గ్రూపు ఒకటి, చర్చకు వేరొకటి పెట్టుకోవడం మేలు. చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కు మించి ఫార్వర్డు చేయకుండా 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ పరిమితి విధించింది. నిజానికి మనం ఫార్వర్డుల మీద ఆధారపడకూడదు. పట్టికలోని యాభై మందికి, ఒక్కొక్కరి పేరుతో, వారికి తగిన ఒక వాక్యం చేర్చి విడివిడిగా రాయండి. దీనికి ఒక సాయంత్రమంతా పట్టవచ్చు. అయినా ఈ పాఠంలో ఒక్క సలహానే పాటించదలచుకుంటే దీన్నే పాటించండి.

హ్యాష్‌ట్యాగ్ గురించి క్లుప్తంగా చెప్తాను. అది మాటలను ఒకచోట పోగుచేసే పనిముట్టు. పనికిరాని మాటలు కూడా అదే కుప్పలో పడతాయి. 2020 జూన్ 2న జాతివివక్షకు నిరసనగా లక్షలాది మంది ఇన్‌స్టాగ్రామ్‌లో నల్లటి చతురస్రాలు పెట్టారు. చాలామంది వాటికి ‘బ్లాక్ లైవ్స్ మ్యాటర్’ (నల్లవారి ప్రాణాలకూ విలువ ఉంది) అన్న ట్యాగును కూడా తగిలించడంతో, ఆ ట్యాగు కింద నిరసనకారులు వెతుక్కునే ఉపయోగకరమైన సమాచారం కనబడకుండా పోయింది. ఆ ట్యాగును తీసివేయమని కార్యకర్తలే వేడుకోవలసి వచ్చింది. వారి సానుభూతి నిజమైనదే, కానీ అది దారికి అడ్డం పడింది. చిన్న స్థానిక కార్యక్రమానికి హ్యాష్‌ట్యాగ్ లేకపోయినా నష్టం లేదు.

పిలుపు వెళ్లిన తర్వాత అసలు శ్రమ మొదలవుతుంది. వస్తామన్నవారికి అదే రోజు జవాబు ఇవ్వండి. వీలైతే సంతకాల కాగితం పట్టుకోవడమో, కొత్తవారిని పలకరించడమో ఒక బాధ్యత అప్పగించండి, ఎందుకంటే తాను లేకపోతే పని ఆగుతుందని తెలిసిన మనిషి మానడానికి వెనకాడతాడు. ముందురోజు ఒకసారి గుర్తుచేయండి. కార్యక్రమం ముగిసిన రాత్రే ఎంతమంది వచ్చారో ఉన్నదున్నట్లు ప్రకటించండి: పదిహేడు మంది వస్తే పదిహేడనే రాయండి, వంద అని రాస్తే వచ్చిన పదిహేడు మందీ ఇక మిమ్మల్ని నమ్మరు. వస్తామని రానివారిని గ్రూపులో ఎత్తిపొడవకుండా, విడిగా పలకరించి తర్వాతి పని చెప్పండి.

సాధనం చేతిలో లేని రోజును కూడా ఊహించుకోవాలి. 2011 జనవరి 28న, తన మీద సాగుతున్న నిరసనలను అణచడానికి ఈజిప్టు ప్రభుత్వం ఇంటర్నెట్‌ను, మొబైల్ ఫోన్లను ఆపివేసినా జనం వీధుల్లోకి వచ్చారు. కలిసే రోజు, చోటు అప్పటికే నోటిమాటగా పాకిపోయి ఉన్నాయి. మన సందర్భం అంత తీవ్రమైనది కాకపోవచ్చు, ఖాతా స్తంభించినా ఫోను పోయినా ఇబ్బంది ఇబ్బందే. మీ పట్టికకు కాగితం మీద ఒక ప్రతి తీసి, దాన్ని నమ్మకస్తులైన ఇద్దరి దగ్గర మాత్రమే ఉంచండి.

అభ్యాసం: మీ సమస్య మీద ఎనభై మాటలకు మించని పిలుపు ఒకటి రాయండి. దాన్ని ఆ సమస్య గురించి ఏమీ తెలియని వ్యక్తికి చూపి, ఎప్పుడు, ఎక్కడికి వెళ్లి, ఏం చేయాలో తిరిగి చెప్పమనండి. వారు తడబడిన చోటల్లా వాక్యాన్ని మార్చండి. తర్వాత పట్టికలోని మొదటి పదిమందికి విడివిడిగా పంపి, ఎవరు ఏమని జవాబిచ్చారో వారి పేర్ల పక్కనే రాసుకోండి. జవాబు రాని పేర్లను కొట్టివేయవద్దు. కార్యక్రమంలో తీసిన ఫొటోలను బయట పెట్టే ముందు ముఖాల విషయంలో, స్థల సమాచారం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను అయిదవ పాఠంలో నేర్చుకుందాం. అంతవరకు ఫొటోలు తీసినా ఎక్కడా పోస్టు చేయకండి.