లెక్కల్లో చురుకైన పిల్లలు మన జెడ్పీ బడిలో ఉంటే

పలాస దగ్గర జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. చురుకైనవాళ్లంటే ఫస్ట్ ర్యాంకు వాళ్లే అనుకోకండి. లెక్క ముందే తేల్చేసి పక్కవాడి జామెట్రీ బాక్సు లాగే పిల్లాడి నోటుబుక్కు ఓసారి తిరగేయండి. మధ్య మెట్లు ఎగ్గొట్టినా జవాబు సరిగ్గా ఉందంటే వాడి సంగతి చూడాల్సిందే.

అలాంటివాళ్లకి అవే లెక్కలు ఇంకో పది ఇవ్వడం శిక్షే. పై తరగతి పుస్తకం ఇవ్వడమూ నాకు నచ్చదు, వచ్చే ఏడు మళ్లీ ఖాళీగా కూర్చుంటారు. ఉన్న పాఠంలోనే లోతుకి దింపాలి. ఏడో తరగతి అమ్మాయికి ఒకటిచ్చాను: రెండంకెల సంఖ్య రాయి, తిప్పి రాయి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్. 72లోంచి 27 పోతే 45. 91లోంచి 19 పోతే 72.

"అన్నీ తొమ్మిదో ఎక్కంలోనే పడతన్నాయి మేస్టారూ!"

ఎందుకో చెప్పమన్నాను. మర్నాడు వచ్చి చెప్పింది: "ఏడు పదుల్లోంచి ఒకట్లలోకి దిగితే 63 పోయినట్టే కదండీ. రెండు పైకెక్కితే 18 వచ్చినట్టు. ఎటు చూసినా తొమ్మిదులే." మూడంకెలతో చెయ్యమన్నాను. అక్కడ 99 ఎక్కం వస్తుందని మాత్రం నేను చెప్పలేదు.

శాతాలకైతే మా ఊళ్లో జీడిపిక్కలే చాలు. బస్తా ధర పది శాతం పెరిగి, మళ్లీ పది శాతం తగ్గితే పాత ధరకే వస్తుందా? తల్లి జీడి ఫ్యాక్టరీలో పొట్టు తీసే ఇంట్లో ఆ రాత్రి దీనిమీదే చర్చ.

ముందే చేసేశారని రోజూ వెనకబడ్డవాళ్లకి చెప్పే పని మాత్రం అంటగట్టకండి. వాళ్లు బడికొచ్చింది నేర్చుకోడానికి.

ఐదో తరగతి వాళ్లకి నవోదయ పరీక్ష ఉంది. మన శ్రీకాకుళం జిల్లాకి నవోదయ బడి వెన్నెలవలసలో ఉంది, విజయనగరం వాళ్లకి కిల్తంపాలెంలో. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ రాయించండి, అది పేదింటి పిల్లలకి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు. పరీక్షలో రెండు భాగాలు: ఆలోచనాశక్తిని చూసే మ్యాట్ 90 ప్రశ్నలు, చదువుని చూసే శాట్ 90. తప్పుకి మార్కు కొయ్యరు, కాబట్టి ఏదీ ఖాళీ వదలొద్దనండి. శాట్ మన పాఠాల్లోదే. మ్యాట్‌కే విడిగా సాధన కావాలి.

పరీక్ష కన్నా కాగితాల దగ్గరే ఎక్కువ టెన్షన్. ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్కులో, దరఖాస్తులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆధార్‌కి తండ్రి ఫోన్ నంబరు ఉంటుంది, ఆయనేమో చెన్నైలో పనిలో ఉంటాడు, ఓటీపీ వచ్చే వేళకి ఫోనెత్తడు. జూన్‌లోనే తల్లి నంబరుకి మార్పించండి. డబ్బు రావాలంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చెయ్యాలి. ప్రైవేటు బడికి మారితే స్కాలర్‌షిప్ పోతుందని తల్లిదండ్రులకి ముందే చెప్పండి. పదో తరగతి అయి వెళ్లిపోయేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు పిల్లల చేతే రాయించి పంపండి, ఇంటర్‌లో అడిగేవాళ్లుండరు.