డెడ్‌కు అలవాటైన చెవికి ఫిష్ ఎక్కాలంటే

గ్రేట్‌ఫుల్ డెడ్‌ను ఏళ్ల తరబడి వింటూ వచ్చినవాళ్లకు ఫిష్ ఓ పట్టాన ఎక్కదు. రెండూ అమెరికన్ జామ్ బ్యాండ్లే, అంటే వేదిక మీద పాటను అప్పటికప్పుడు కల్పిస్తూ పెంచుకుంటూ పోయే రాక్ బృందాలే, రెండూ రోజుకో పాటల వరస వాయించేవే, కచేరీని టేపు చేసుకోనిచ్చినవే. కానీ డెడ్‌లో దొరికినదాన్నే ఫిష్‌లో వెతికితే నిరాశే మిగులుతుంది. డెడ్ గీతరచయిత రాబర్ట్ హంటర్ రాసినంత బరువైన మాటలు అక్కడ లేవు. డెడ్ గాయకుడు, గిటారిస్టు జెర్రీ గార్సియా గొంతులోని ఆర్ద్రతా లేదు. అక్కడున్న గొప్పతనమల్లా బృందంలోని నలుగురూ ఒకరినొకరు అంత శ్రద్ధగా వింటూ అప్పటికప్పుడు సంగీతం కట్టడంలో ఉంది. అది చెవిన పడాలంటే వినే వరస ముఖ్యం.

స్టూడియో ఆల్బమ్‌లతో మొదలుపెట్టకండి. 1992, 1993 నాటి కచేరీలనూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ రోజుల్లో వేగం విపరీతం, మధ్యమధ్యలో అల్లరి ఎక్కువ. డ్రమ్మర్ జాన్ ఫిష్‌మన్ వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని నోటికి పెట్టుకుని వాయించే ఘట్టం కొత్తవాళ్లకు చిరాకే తెప్పిస్తుంది. ఆ సరదా తర్వాత బాగానే నచ్చుతుంది, ముందు మాత్రం అడ్డుపడుతుంది.

తెలిసిన పాటలతో మొదలుపెట్టడమే సులువు. 2015లో డెడ్ సభ్యుల వీడ్కోలు కచేరీల్లో గార్సియా స్థానంలో లీడ్ గిటార్ వాయించింది ఫిష్ గిటారిస్టు ట్రే అనస్తాసియోనే. షికాగో సోల్జర్ ఫీల్డ్‌లో జూలై 3న వాయించిన 'స్కార్లెట్ బిగోనియాస్', దానికి కలిసే 'ఫైర్ ఆన్ ది మౌంటెన్' వినండి. పాట మీకు కంఠతా వచ్చు కాబట్టి చెవి మొత్తం గిటార్ మీదే పెట్టొచ్చు. గార్సియా స్వరాలు ముత్యాల్లా విడివిడిగా రాలతాయి. ట్రే స్వరాన్ని పట్టుకుని సాగదీస్తాడు. పాల్ లాంగ్వెడాక్ చేసిన హాలో బాడీ గిటార్, కంప్రెసర్, ట్యూబ్ స్క్రీమర్ అనే నాదాన్ని మార్చే పెడళ్లు కలిసి ఆ నాదం వస్తుంది. ఒకే స్వరం మీద నిలబడి మిగతా ముగ్గురూ కింద నుంచి తోసేదాకా ఆగడం అతని పద్ధతి. ఈ ఒక్క తేడా పట్టుబడితే సగం పని అయినట్టే.

తర్వాత 1995లో వచ్చిన లైవ్ ఆల్బమ్ 'ఎ లైవ్ వన్'. అందులోంచి ముందుగా 'స్లేవ్ టు ది ట్రాఫిక్ లైట్', ఆపైన 'హ్యారీ హుడ్'. డెడ్ 'మార్నింగ్ డ్యూ' చివర్లో గార్సియా మెల్లగా ఎక్కుతూ పోయే తీరు ఇష్టపడేవాళ్లకు ఈ రెండూ దగ్గరివి. 'స్లేవ్'లో పాడే భాగం అయిపోయాక సంగీతం దాదాపు గుసగుస స్థాయికి దిగిపోతుంది. అక్కడ వాల్యూమ్ పెంచకండి. పెంచితే చివరి శిఖరం చెవులు పగలగొడుతుంది, ఎక్కుడు మొత్తం చదునైపోతుంది. 'హుడ్' జామ్ కింద డి, ఎ, జి అనే మూడు కార్డులే (కలిపి మోగించే స్వరాల గుంపులే) తిరుగుతుంటాయి. కార్డులు మారవు కాబట్టి వాయిద్యాల బలం, సాంద్రత ఎలా పెరుగుతున్నాయో స్పష్టంగా తెలుస్తుంది.

ఒక్కో జామ్‌ను మూడుసార్లు వినండి. మొదటిసారి ఫిష్‌మన్ ఒక్కడినే అనుసరించండి. డెడ్‌లో బిల్ క్రూట్జ్‌మన్, మికీ హార్ట్ ఇద్దరు డ్రమ్మర్లు. హార్ట్ మన తబలా విద్వాంసుడు అల్లా రఖా దగ్గర నేర్చుకున్నవాడు. వాళ్ల లయ అలలా ఊగుతుంది. ఫిష్‌మన్ ఒక్కడే, లయ గీత గీసినట్టుంటుంది. డెడ్ చెవికి ఇది మొదట బిగుతుగా, యంత్రంలా అనిపించడానికి కారణం అదే. రెండోసారి పేజ్ మెక్‌కానెల్ పియానో, మూడోసారి ట్రే గిటార్. గిటార్‌ను చివరికి ఉంచమనడం ఊరికే కాదు. జామ్ దారి మళ్లేది చాలాసార్లు పియానో నుంచో, మైక్ గోర్డన్ బేస్ నుంచో. ఒకరి పలుకును మిగతావాళ్లు అందుకుని తిప్పడాన్ని వీళ్లు రిహార్సల్‌లో ప్రత్యేక కసరత్తుగా చేసేవారు. ఇందుకు ఫోన్ స్పీకర్ పనికిరాదు. బేస్ వినపడకపోతే సగం సంభాషణ పోయినట్టే. మామూలు హెడ్‌ఫోన్ చాలు.

ఇక 1997. డెడ్ అభిమానికి అసలు తలుపు తెరుచుకునేది ఇక్కడే అని మా గట్టి నమ్మకం. 1996 హాలోవీన్ రాత్రి అట్లాంటాలో ఫిష్, టాకింగ్ హెడ్స్ అనే బ్యాండ్ వారి 'రిమైన్ ఇన్ లైట్' ఆల్బమ్ మొత్తం వాయించింది. చిన్న పలుకులను పొరలు పొరలుగా పేర్చే ఆ పద్ధతి వాళ్ల ఒంటికి పట్టేసింది. మరుసటి ఏడాదికి ట్రే సోలోలు తగ్గించి, స్వరాన్ని 'వా' అనిపించే వా పెడల్ మీద లయ గీకడం మొదలుపెట్టాడు. పేజ్ వాయించే క్లావినెట్ అనే కీబోర్డు ముందుకొచ్చింది, బేస్ నాయకత్వం తీసుకుంది. 1997 నవంబరు 17 డెన్వర్ కచేరీలోని 'ఘోస్ట్' వినండి. రెండే కార్డుల మీద 'ఫైర్ ఆన్ ది మౌంటెన్' ఎంతసేపైనా తిరగడం ఇష్టపడ్డవాళ్లకు ఇందులో పరాయితనం కనిపించదు. ఆ తర్వాత అదే ఏడాది ఆగస్టు 17న మెయిన్ రాష్ట్రం లైమ్‌స్టోన్‌లోని పాత వైమానిక స్థావరంలో వాయించిన 'బాత్‌టబ్ జిన్'. పాట మాటలు తేలికగా ఉన్నాయని అక్కడే ఆపేయకండి, జామ్ మొదలయ్యేదాకా ఉండండి.

ఇక్కడిదాకా నచ్చితేనే 'యు ఎంజాయ్ మైసెల్ఫ్' పెట్టండి. 'ఎ లైవ్ వన్'లోనిది సుమారు 21 నిమిషాలు. డెడ్ అభిమానులు ఎక్కువగా చేతులెత్తేసేది దీని దగ్గరే, ఎందుకంటే మొదటి భాగమంతా ముందే రాసిపెట్టుకున్న సంగీతం. కృతిని కూర్చిన సంగతులతో పాడి, ఆ తర్వాతే కల్పనస్వరానికి దిగే మన కచేరీ పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కష్టం కాకూడదు. మొదట గిటార్, పియానో చిన్న చిన్న అల్లికలు. తర్వాత అంతా పల్చబడి చాలాసేపు తేలుతుంది. అక్కడి నుంచి ఒక్కో మెట్టే ఎక్కి, ఒక కేక దగ్గర బిగువు తెగుతుంది. అప్పుడు ఫంక్ లయ దిగుతుంది, వేదిక మీద ట్రే, మైక్ ట్రాంపొలిన్ల మీద ఎగురుతుంటారు. మాటలు గుప్పెడే, అర్థం వెతకాల్సిన పని లేదు. పేజ్ ఆర్గన్, ట్రే గిటార్, బేస్-డ్రమ్స్ వంతులు అయ్యాక నలుగురూ వాయిద్యాలు వదిలేసి గొంతులతోనే జామ్ చేస్తారు. ఆ ఆఖరి భాగం ఇంట్లో వింటే రుచించకపోవచ్చు, దాటేసినా తప్పు లేదు. రాసిన భాగాన్ని మాత్రం దాటేయకండి. ఆ బిగువు అనుభవించకుండా ఫంక్ దగ్గరికి గెంతితే అందులో మజా ఉండదు.

పొడవైనవి ఆఖరున. 2013 జూలై 31న లేక్ టాహో ఒడ్డున స్టేట్‌లైన్‌లో వాయించిన 'ట్వీజర్' 36 నిమిషాలు దాటుతుంది. బ్యాండ్ ఠక్కున ఆగినప్పుడల్లా ఆ ఖాళీని జనం 'వూ' అని నింపడం వినిపిస్తుంది. పాట చట్రంలోనే తిరిగే జామ్‌ను అభిమానులు టైప్ వన్ అంటారు. చట్రం వదిలి స్థాయి, లయ, కార్డులు మార్చుకుంటూ కొత్త చోటికి పోయేది టైప్ టూ. డెడ్ పాట 'డార్క్ స్టార్' మీద పెరిగినవాళ్లు నేరుగా టైప్ టూ కోసం ఎగబడతారు. అక్కడే దెబ్బతింటారు. 'డార్క్ స్టార్' మొదటి నిమిషం నుంచే తేలుతుంది. 'ట్వీజర్' ముందు ఒక గట్టి రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పలుకు), దాని మీద పిచ్చి మాటలు, ఆ తర్వాతే ప్రయాణం.

పూర్తి కచేరీకి వచ్చేసరికి ఇంకో అలవాటు మార్చుకోవాలి. డెడ్ రెండో సెట్‌లో, అంటే విరామం తర్వాతి భాగంలో, 'డ్రమ్స్', 'స్పేస్' అనే పాట లేని వాయింపులు వచ్చే చోటు తెలిసిందే. ఫిష్‌లో అలాంటి స్థిరమైన చోటు లేదు, ఏ పాటైనా పగ్గాలు తెంచుకోవచ్చు. 2017లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రుల్లో ఒక్క పాట కూడా మళ్లీ వాయించకుండా 237 పాటలు వాయించారు. కాబట్టి పాటల జాబితా ముందు చూసుకుని దాటేసుకుంటూ వినడం డెడ్‌కు కుదిరినట్టు దీనికి కుదరదు.

ఇంతా చేసి ఏదీ అతకకపోతే బ్యాండ్‌ను వదిలేసే ముందు ఏడాది మార్చి చూడండి. 1994 ఫిష్, 1997 ఫిష్, 2009లో మళ్లీ కలిశాక వచ్చిన ఫిష్ వినడానికి మూడు వేర్వేరు బృందాల్లా ఉంటాయి. గార్సియా పోయిన సరిగ్గా మూడేళ్లకు, 1998 ఆగస్టు 9న, వర్జీనియా బీచ్‌లో ఫిష్ చెప్పాపెట్టకుండా 'టెరాపిన్ స్టేషన్' వాయించింది. విన్నవాళ్లు మాటలు రానంతగా కదిలిపోయే టేపు అది. అయితే దాన్ని మొదటే వినకండి. ఫిష్ సొంత గొంతు తెలిశాక వింటేనే, డెడ్ పాటను వాళ్లెంత అణకువగా పట్టుకున్నారో తెలుస్తుంది.

రికార్డింగుల కోసం లైవ్‌ఫిష్ యాప్‌లో చందా కట్టొచ్చు. జనం మధ్య నుంచి చేసిన టేపులు ఫిష్ డాట్ ఇన్‌లో ఉచితం. అమెరికాలో ఉంటే ఏటా వేసవి పర్యటన ఉంటుంది, టికెట్ తీసుకునేటప్పుడు రెండు సెట్లు, మధ్యలో విరామం కలిపి మూడు గంటలకు పైనే అని లెక్క వేసుకోండి. ప్రేక్షకులవైపు నుంచి చూస్తే పేజ్ ఎడమ చివర ఉంటాడు, పియానో కోసం వెళ్లేవాళ్లు ఆ పక్కే నిలబడతారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ప్రత్యక్ష ప్రసారం చూడాలంటే, వేసవిలో తూర్పు తీరంలో రాత్రి 8 గంటలంటే మనకు మర్నాడు తెల్లవారి 5:30. రెండో సెట్ ఆఫీసు వేళకు ముందే అయిపోతుంది.