పాత ఫ్లెక్స్ పెన్ను చవగ్గా దొరికితే: ఏ లక్షణానికి ఏ మందు

నొక్కితే లావుగా, వదిలితే సన్నగా రాసే ఫ్లెక్స్ పాళీ పాత పెన్ను తక్కువ ధరకు వస్తోందంటే దానికి ఏదో ఒక జబ్బు ఉన్నట్టే. అది నయమయ్యేదో కాదో కొనేముందే తేల్చుకోవాలి.

లివర్ ఎత్తినా ఇంకు ఎక్కడం లేదు

దీనికి టెన్షన్ అక్కర్లేదు, ధర తగ్గించమని అడగడానికి మంచి కారణం కూడా. పక్కనున్న చిన్న మీట (లివర్) ఎత్తి నింపే పెన్నుల్లో ఇంకు నిలిచేది రబ్బరు తిత్తిలో. ఏళ్లు గడిచేసరికి అది ఎండి పెంకులా విరుగుతుంది. చెవి దగ్గర ఊపితే ముక్కలు గలగలమంటాయి.

వేళ్లతో పట్టుకునే భాగాన్ని హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేసి, అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా లాగాలి. స్టవ్వు దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు, సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పెన్ను ఇట్టే అంటుకుంటుంది. రాజమండ్రి రత్నం పెన్నులు వాడినవాళ్లకు ఎబొనైట్ అనే గట్టి రబ్బరు తెలుసు కదా, పాత పెన్ను దాంతో చేసిందైతే వేడినీళ్లు తగలనివ్వకండి, నలుపు పోయి గోధుమరంగు తేలుతుంది. సరైన సైజు కొత్త తిత్తిని షెల్లాక్‌తో (లక్క జిగురుతో) అతికించి ఒక రాత్రి ఆరనివ్వండి. పనిలో పనిగా తిత్తిని నొక్కే లోహపు బద్దనూ చూడండి. విశాఖ ఉప్పుగాలికి తుప్పు ఆగదు.

లావు గీత మధ్యలో ఖాళీ, రైలు పట్టాల్లా రెండు గీతలు

పాళీ విచ్చుకుంటున్నంత వేగంగా దాని కిందుండే ఫీడ్ (ఇంకు తెచ్చే గాడి ముక్క) ఇంకు అందించలేకపోతోంది. చాలాసార్లు కారణం లోపల గడ్డకట్టిన పాత ఇంకే. చల్లటి నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. తర్వాత ధారాళంగా పారే ఇంకు పోసి, నిదానంగా రాయండి. బొమ్మలకు వాడే ఇండియా ఇంకు పోస్తే ఫీడ్ మళ్లీ పూడుకుపోతుంది.

నొక్కకపోయినా పాళీ చీలిక తెరుచుకునే ఉంది

ఇది పెద్ద జబ్బు. ఎవరో శక్తికొద్దీ నొక్కి పాళీని సాగదీశారు. నా మొదటి పెన్ను ఇలాంటిదే. ఫొటోలో పాళీ వెడల్పుగా విచ్చుకుని ఉంటే మురిసిపోయి కొనేశాను. డాబాగార్డెన్స్‌లో పెన్నులు బాగుచేసే పెద్దాయన దాన్ని బొటనవేలి గోటిమీద ఒత్తి, వదిలి, కిటికీ వెలుతురులో పెట్టి చూశారు. చీలికకు రెండు పక్కలుండే రెక్కల మధ్య సన్నటి వెలుగు గీత అలాగే నిలిచింది. "ఏటి బాబూ, విచ్చుకోవడమే చూసినావు, మూసుకోవడం చూడలేదేటి?" అన్నారు.

సాగిన పాళీని సరిచేయడం నిపుణుల పని, చవక పెన్నుకు ఆ ఖర్చు గిట్టదు. అందుకే ఫొటో చాలదు, నొక్కి వదిలే వీడియో అడగండి. చేయి తీయగానే రెక్కలు కలిసిపోవాలి. పాళీ మీది చిన్న రంధ్రం చుట్టూ, రెక్కల అంచుల్లో వెంట్రుకంత పగులుందేమో దగ్గరి ఫొటోలో చూడండి. ఉంటే వదిలేయండి, ఎంత ముచ్చటపడినా సరే.

అసలు వంగడమే లేదు

14 క్యారెట్ అన్న మాట నమ్మి కొన్నారేమో. బంగారు పాళీ అయినంత మాత్రాన వంగుతుందని లేదు. మ్యానిఫోల్డ్ అని రాసి ఉన్న పాళీలు కార్బన్ కాపీల కోసమే గట్టిగా చేసినవి. దీనికి మందు లేదు, బలవంతంగా నొక్కితే పైన చెప్పిన జబ్బు వస్తుంది.

తక్కువ ఖర్చులో కావాలంటే పెద్ద కంపెనీ పేరు లేకుండా "వారంటెడ్" ముద్ర ఉన్న బంగారు పాళీలు వెతకండి. వాటిలో మెత్తనివి దొరుకుతుంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది పాతకాలపు అమెరికన్ ఎస్టర్‌బ్రూక్ పెన్నులో 9128 నంబరు స్టీలు పాళీ. బంగారమంత మెత్తన కాదు, కానీ చెడితే మరతిప్పి వేరేది బిగించుకోవచ్చు.

పైకి లాగేటప్పుడు కాగితాన్ని గీరుతోంది

మన అక్షరాలన్నీ చుట్లే కాబట్టి ఈ బాధ ఎక్కువ. పెద్ద సున్న చుట్టి చూడండి. కిందికి దిగే వైపు లావుగా, పైకి ఎక్కే వైపు సన్నగా, గీరకుండా రావాలి. పైకెళ్లేటప్పుడు ఒత్తిడి పూర్తిగా తీసేసి, నున్నటి కాగితం వాడండి. అయినా గీరితే భూతద్దంలో చూడండి, ఒక రెక్క కొస రెండోదానికంటే ఎత్తుగా ఉంటుంది. దాన్ని గోటితో కొద్దికొద్దిగా కిందికి ఒత్తుతూ, ప్రతిసారీ సున్న చుట్టి చూసుకోవాలి.