గ్రూపులో వెటకారాన్ని గుర్తుపట్టడం ఎలా

బెజవాడకు కొత్తగా వచ్చి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనో, ఆఫీసు గ్రూపులోనో చేరినవారు, రాసిన ప్రతి మాటా అర్థమవుతున్నా అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక కొన్నాళ్లు తికమకపడతారు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఎవరైనా "బయటికి వెళ్లేవారు స్వెటర్లు మరిచిపోవద్దు" అని రాస్తే, తమ ఊరిని తామే 'బ్లేజ్‌వాడ' అని చెప్పుకునే ఈ జనం మధ్య దానిని విప్పి చెప్పవలసిన అవసరం ఉండదు. అసలు సంగతి కంటికి కనిపించని చోటే చిక్కు వస్తుంది.

అటువంటప్పుడు ముందుగా సంబోధనను గమనించండి. నిత్యం "ఏరా" అని పిలిచే స్నేహితుడు ఉన్నట్టుండి "తమరు ఎప్పుడు దయచేస్తారో సెలవివ్వండి" అని రాశాడంటే, మీరు ఆలస్యం చేశారని అతడు దెప్పుతున్నాడన్నమాట. అదే మాటను ఎప్పుడూ 'అండీ' అనే వయసులో చిన్నవారు రాస్తే అది నిజమైన మర్యాదే కావచ్చు. కనుక ఎవరు ఎవరిని మామూలుగా ఎలా పిలుస్తారో తెలిసేవరకు తీర్పు చెప్పకూడదు. 'గారు' మనుషులను వదిలి వస్తువులకు అంటుకుంటే మాత్రం సందేహమే అక్కరలేదు: "లిఫ్టు గారికి మళ్లీ ఒంట్లో బాగాలేదు" అన్నది అసోసియేషన్‌కు అందిన ఫిర్యాదు. (గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారి "ఆయ్" మాత్రం వట్టి మర్యాద, దానిని వెటకారమనుకుని నొచ్చుకున్నవారిని చూశాను.)

రెండవ గుర్తు, పనికి మించిన పొగడ్త. పొగుడుతున్నట్లు తిట్టడానికీ, తిడుతున్నట్లు పొగడడానికీ కలిపి మన ఆలంకారికులు వ్యాజస్తుతి అని ఎప్పుడో పేరు పెట్టారు. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి నిందిస్తున్నట్లుగానే స్తుతించాడు. అంత చనువు లేనివాడు ఆ పని చేయలేడు. "నీ గోంగూర పచ్చడి మా ఇంట్లో తగాదాలు పెడుతోంది" అన్న మాటలోనూ ఉన్నది ఆ చనువే.

సొంత జోకులకు ఈ రెండు గుర్తులూ చాలవు, ఎందుకంటే వాటి వెనుక ఒక సంఘటన ఉంటుంది. మా గ్రూపులో ఒకరు "బెంజ్ సర్కిల్ దాటాను" అని రాస్తే నేను నమ్మి, టిఫిను హోటల్‌లో నలభై నిమిషాలు ఒంటరిగా కూర్చున్నాను. తరువాత గ్రూపు సెర్చ్‌లో ఆ మాట కొట్టి అన్నిటికంటే పాత సందేశం దాకా వెళితే, ఒకాయన అదే మాట రాసి, పొరపాటున తన ఇంటి బాత్‌రూమ్ అద్దం ఫొటో పంపిన రోజు దొరికింది. పదేపదే వచ్చే వింత మాట ఏదైనా ఇలాగే వెతకండి; దొరకకపోతే గ్రూపులో అడగకుండా, పాత సభ్యులలో ఒకరిని విడిగా అడగండి. అందరి ముందు వివరించిన జోకు అక్కడే చప్పబడిపోతుంది.

గొంతు వినిపించని రాతలో ఈ అపార్థాలు కొత్తవి కావు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్మన్ 1982 సెప్టెంబర్ 19న నవ్వు గుర్తును ప్రతిపాదించింది, హాస్యానికి రాసినదాన్ని కొందరు నిజమనుకుంటున్నందువల్లనే. అయితే ఎమోజీని వయసుతో కలిపి చదవాలి: పెద్దవారు పెట్టే దండం దండమే, కుర్రవాళ్లు పెట్టే దండానికి చాలాసార్లు "ఇక చాలు స్వామీ" అని అర్థం.

ఎవరి మీద జోకు వేశారో వారు కూడా నవ్వుతున్నారా అన్నది తప్పక చూడండి. వారు కొన్నాళ్లుగా మాట్లాడడమే మానేసి ఉంటే, ఆ నవ్వులో మీరు కలవకండి.

గ్రూపు సొంత జోకును మీరే వాడడానికి తొందరపడవద్దు. నేను ఆరు నెలలు ఆగి, ఒక ఆదివారం ఉదయం "బెంజ్ సర్కిల్ దాటాను" అని రాశాను. "సబ్బు కళ్లలో పడకుండా చూసుకోండి" అని వెంటనే జవాబు వచ్చింది.