పునాది తీసే ముందు: వానలు పడకముందే కింద మట్టి, నీళ్లు చూసుకోండి

వానలు దిగేలోపు పునాది లేపేద్దామని ఏప్రిల్, మే నెలల్లో పని మొదలుపెట్టేవాళ్లకు ముందుగా ఒక్క విషయం చెప్పాలి. ఇప్పుడు గుంతలో కనిపిస్తున్న నేలను చూసి ఏదీ తేల్చుకోకండి. రోహిణి కార్తెలో గునపం దిగనంత బిగిసిన నల్లరేగడి నాలుగు గట్టి వానలు పడ్డాక కాలు కూరుకుపోయే బురద. పక్కవాళ్లు ఐదడుగులు తీశారు కాబట్టి మనకూ అంతే చాలని మేస్త్రీ అంటే వినకండి, సాయిల్ టెస్ట్ చేయించండి. ఇంటి ఖర్చులో అది చాలా చిన్న భాగం.

గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ వైపు రేగడి నేలల్లో అసలు ఇబ్బంది బరువు ఆపకపోవడం ఒక్కటే కాదు, తడిస్తే ఉబ్బడం, ఆరితే ముడుచుకుపోవడం. బరువు తక్కువ కాబట్టి ఒక అంతస్తు ఇళ్లనే ఇది ఎక్కువగా ఎత్తి పగలగొడుతుంది, చిన్న ఇల్లే కదా అనుకోవద్దు. ల్యాబ్‌లో ఫ్రీ స్వెల్ టెస్ట్ తప్పకుండా అడగండి. జల్లించిన మట్టిని 10 గ్రాముల చొప్పున ఒకటి నీళ్లలో, ఒకటి కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచి తేడా చూస్తారు, కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలోది కిరోసిన్‌లో దానికంటే 50 శాతం మించి ఉబ్బితే మామూలు ఫుటింగ్ (పిల్లరు కింద వేసే కాంక్రీటు దిమ్మె) వేసే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో కూర్చోవాల్సిందే. లోతైన రేగడిలో అండర్ రీమ్డ్ పైల్స్ (కింద ఉబ్బెత్తుగా వెడల్పు చేసి పోసే కాంక్రీటు స్తంభాలు) కనీసం 3.5 మీటర్లు దిగాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2911 చెబుతుంది. తవ్వి తీసిన రేగడినే మళ్లీ ఫ్లోరింగ్ కింద నింపనివ్వకండి, మొరం తెప్పించండి.

హైదరాబాద్ చుట్టుపక్కల చిక్కు వేరు. మట్టి పరీక్షకు బోరు వేస్తుంటే రాయి తగిలిందని ఆపేస్తారు, అది మట్టిలో ఇరుక్కున్న గుండు కూడా కావచ్చు, ఇంకొంచెం డ్రిల్ చేసి కోర్ (కడ్డీలా వచ్చే రాతి ముక్క) తీయించి చూడాలి. ప్లాటు ఒకప్పటి చెరువు అంచో, పూడ్చిన బావో, కూల్చిన ఇళ్ల చెత్త పోసిన చోటో అయితే ఒక మూల గట్టిగా, ఇంకో మూల గుల్లగా ఉంటుంది. గ్రామ నక్షా చూడండి, ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. చిన్న ఇంటికి మధ్యలో ఒక బోరు సరిపోవచ్చని ఐఎస్ 1892 అంటుంది కానీ, ఇలాంటి అనుమానం ఉన్న ప్లాటులో ఒక్కదానితో సరిపెట్టుకోవడం నా దృష్టిలో ప్రమాదమే.

బోరు దగ్గర మీరో, మీ ఇంజనీరో నిలబడండి. ఎస్‌పీటీలో, అంటే సుత్తి దెబ్బలతో నేల గట్టిదనం చూసే పరీక్షలో, 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి, మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలు వదిలేసి తర్వాతి 30 సెంటీమీటర్లవి లెక్కపెడతారు. ఎవరూ చూడకపోతే ఆ అంకెలు ఆఫీసులో కూర్చుని రాసేవాళ్లూ ఉంటారు. శాంపిల్ సంచి మీద బోరు నంబరు, లోతు అక్కడే రాయించండి.

ఇక నీళ్లు. చాలా రిపోర్టుల్లో దీన్ని ఒక్క లైనులో తేల్చేస్తారు, నాకు బాధ అనిపించేది ఇక్కడే. బోరు వేసేటప్పుడు పైనుంచి నీళ్లు పోస్తారు కాబట్టి వెంటనే కొలిస్తే అది భూగర్భజల మట్టం కాదు. కనీసం 24 గంటలు ఆగి కొలవాలి, బంకమట్టిలో ఇంకా ఆగాలి, రిపోర్టులో తేదీ ఉండాలి. మేలో కొలిచింది ఏడాదిలో అడుగుకు పోయిన మట్టం. అక్టోబరు, నవంబరులో ఎక్కడిదాకా వస్తుందో చుట్టుపక్కల బావులున్నవాళ్లను అడిగి రాసుకోండి, గోదావరి, కృష్ణా డెల్టాల్లో అయితే మరీ ముఖ్యం. సెల్లారు, సంపు, సెప్టిక్ ట్యాంకు కట్టేవాళ్లు ఆ పై మట్టాన్నే లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే ఖాళీగా ఉన్న సంపును కింది నీళ్లు పైకి లేపేస్తాయి. సల్ఫేట్లు, క్లోరైడ్లు కూడా టెస్ట్ చేయిస్తే ఏ సిమెంట్ వాడాలో తెలుస్తుంది.

మట్టి చూడటానికి తవ్వే పరీక్ష గుంత 1.5 మీటర్ల లోతు దాటితే పక్కలకు దన్ను కట్టకుండా, లేదా వాలుగా తీయకుండా మనిషిని దించకండి. పొడి నేల నిలబడినట్టే కనిపిస్తుంది, ఒక్క వానకు గోడ కూలుతుంది. తీసిన మట్టిని అంచున పోయకండి, జేసీబీని దగ్గరగా నిలపకండి. కొలతలు అయిన రోజే బోరు రంధ్రాలు, గుంతలు మట్టితో నింపి కుదించండి, నీటి మట్టం కోసం తెరిచి ఉంచినన్నాళ్లూ గట్టి మూత వేసి చుట్టూ కంచె కట్టండి, వీధిలో పిల్లలు తిరుగుతుంటారు.